వాసితి పెద్దమ్మ భోజనం

నౌసోరి, రేవా ఏటి గట్టు
1996 ఆగస్టు 12, సోమవారం

ఈ పూట పనులు: బట్టలు రెండు గంపలు ఉతికి ఆరేశాను. కర్ర పెండలం పది దుంపలు చెక్కు తీసి పొయ్యి మీద పెట్టాను. కొబ్బరికాయలు మూడు కోరి పాలు పిండాను. చేమాకు రెండు కట్టలు కాడలు తీసి కడిగాను. చాప అల్లకం జానెడు సాగింది. మిగిలింది ఈ ఉత్తరం. దీన్ని శుక్రవారం మొదలుపెట్టి చించేశాను, శనివారం మళ్ళీ మొదలుపెట్టి చించేశాను. నిన్న ఆదివారం కనుక కలం ముట్టలేదు. ఈ రోజు మధ్యాహ్నం భోజనం వేళకు ఇది పూర్తి కావాలి.

ప్రియమైన అమ్మకు, నీ పెద్ద కూతురు కెలెరా ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ కందావు దీవిలో నువ్వూ, చెల్లి ఉనైసీ, రెండు నెలల పసివాడూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ‘బాగున్నాం’ అన్న మాటను ప్రతి ఉత్తరంలోనూ కలం దానంతటదే రాసేస్తుంది. ఈసారి రాశాక కాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను. ఎందుకో ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

మొన్న బుధవారం నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన ఎండు చేపల మూటా అందింది. ఒక్క చేప కూడా పాడవలేదు. నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మొదటి మూడింటికి వరసగా జవాబులు రాస్తాను. నాలుగోది వాసితి పెద్దమ్మ గురించి. ‘వాసితి వేళకి తింటోందా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి, చేప తలకాయ ఇంకా దానికే పెడుతున్నావా’ అని అడిగావు. దానికి చివర రాస్తాను. అక్కడికి దూకకుండా వరసగా చదువు.

మొదటిది, వంటపాక కప్పు. నువ్వు వెళ్ళిన వారానికే పొయ్యి పక్కన కారడం మొదలైంది. మీ అల్లుడు రెండు ఆదివారాలు ‘రేపు, రేపు’ అన్నారు. చివరికి నేనే నిచ్చెన వేసుకుని ఎక్కుతుంటే చూసి, పరువు పోతుందని ఆయనే ఎక్కి కొత్త రేకు వేశారు. కింద నిలబడి మేకులు అందిస్తుంటే, ‘మీ అమ్మ ఉంటే ఈపాటికి నాలుగు తిట్లు తిట్టేది, నువ్వు ఒట్టి చూపులు చూస్తున్నావు, అదే ఎక్కువ భయంగా ఉంది’ అన్నారు. ఇప్పుడు చుక్క కారడం లేదు.

రెండోది, పనస. మన రొట్టెపనస చెట్టు ఈ ఏడు బాగా కాసింది. ఇప్పటికి ముప్పై ఒకటి దించాం. కింది కొమ్మవి పక్కింటి పిల్లలు రాత్రికి రాత్రి దించుకుపోయారు. వాటిని లెక్కలో చేర్చలేదు.

మూడోది, మీ అల్లుడి దగ్గు. తగ్గింది. నిమ్మాకు టీ రోజుకు మూడుసార్లు పోస్తున్నాను. బస్సు నడిపేటప్పుడు కిటికీ మూసుకోమంటే వినరు. ‘కిటికీ మూస్తే దారిలో వాళ్ళని పలకరించేదెట్లా?’ అంటారు. నౌసోరి నుంచి సువా దాకా ఆయన చెయ్యూపని మనిషి లేడు. బస్సు ఆలస్యం అవుతోందని ప్రయాణికులు గోల పెడుతున్నా అంతే.

ఉనైసికి చెప్పు, పసివాడికి చిన్న చాప ఒకటి అల్లుతున్నాను. మొగలి ఆకు ఈసారి సన్నగా చీల్చాను, ఒంటికి గుచ్చుకోదు. అంచుకి ఏ రంగు ఉన్ని కావాలో రాయమను. పాలు తాగి పక్కకి తిరిగి పడుకుంటున్నాడని రాశావు. అది నాన్న పోలిక.

ఇప్పుడు నాలుగో ప్రశ్న.

అమ్మా, నువ్వు మే నెలలో పడవ ఎక్కే రోజు రేవులో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట చెప్పావు. ‘వాసితిని పిలవడం కాదు, కంచం వేసి కూర్చోబెట్టు’ అన్నావు. ఆ రెంటికీ తేడా అప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు. మన గుమ్మం ముందు భోజనం వేళ ఎవరు నడిచిపోతున్నా ‘రండి, తినిపోండి’ అని కేకేస్తాం. వాళ్ళు ‘మీరు తినండి, నా కడుపు నిండే ఉంది’ అని పోతారు. రోజుకు పదిమందిని పిలుస్తాం, పదిమందీ పోతారు. ఒక్కతే ఉండే పెద్దమ్మ అట్లా పోయే మనిషి కాదని మాత్రం తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆమె మన ఇంటికి పిలుపు లేకుండానే వచ్చింది. అమ్ముకునే చీపుళ్ళ కట్ట గుమ్మం పక్కన దించి, ‘ఈ పూట ఏం మాడబెట్టారే?’ అంటూ నీ పక్కన చాప మీద కూర్చునేది.

నువ్వు వెళ్ళాక కూడా రెండు నెలలు అట్లాగే వచ్చింది. నువ్వు కూర్చునే చోటు వదిలేసి, దాని పక్కనే కూర్చునేది. కూరలో ఉప్పు గురించి నీ తరఫున కూడా తానే తిట్టేది. ‘మీ అమ్మ చెయ్యి నీకు రాలేదే. అయినా ఏం చేస్తాం, ఆకలి వేస్తుంది కదా’ అని రెండోసారి వడ్డించుకునేది. అంతవరకు నేను నీకు రాసిందంతా నిజమే.

జులై 16 మంగళవారం. ఆ రోజు పొద్దున చెప్పకుండా ఆడపడుచు తోరికా వచ్చింది. మొగుడూ, ముగ్గురు పిల్లలతో ఏటి ఎగువ నుంచి వచ్చింది, పెద్దవాడి చెవి చూపించడానికి. ఆ వారం రేవా పోటెత్తి ఉంది. ఏట్లో దిగి ఆల్చిప్పలు తీసే ఆడవాళ్ళెవరూ వారం నుంచి దిగలేదు. ఇంట్లో కర్ర పెండలం ఉంది, చేమాకు ఉంది, డబ్బా చేప ఒక్కటి ఉంది. డబ్బాలో ఆరు ముక్కలు. మా పిల్లలిద్దరితో కలిపి తినేవాళ్ళం తొమ్మిదిమంది. మూడు ముక్కలు రెండేసిగా తుంచి, తొమ్మిది చేసి, కొబ్బరిపాలలో వేశాను. తోరికా సంగతి నీకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు, ‘మా వదిన ఇంట్లో త్రాసు పెట్టి వడ్డిస్తుంది’ అని ఊరంతా నవ్వించిపోయింది. ఈసారి ఆ మాట రాకూడదని నా పట్టుదల.

అందరూ చాప చుట్టూ కూర్చున్నారు. మీ అల్లుడు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నా కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. అప్పుడు గుమ్మంలోంచి చూస్తే, నెత్తి మీద చీపుళ్ళ కట్టతో పెద్దమ్మ వస్తోంది. ఆమె వస్తే అలవాటుగా చెయ్యి చాచి పెద్ద ముక్క తీసుకుంటుంది. అది నువ్వు చేసిన అలవాటే. ముక్క తక్కువైతే, ‘ఏమే, చేపలు ఏట్లోకి తిరిగిపోయాయా?’ అని నలుగురిలో అంటుంది. తోరికా వింటుంది.

ప్రార్థన ఇంకా అయిపోలేదమ్మా. నేను లేచి వెళ్ళి తలుపు మూశాను.

మూసే ముందు మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె ఆగింది. తలుపు చీలికలోంచి చూశాను. కూర్చున్న పెద్దల ముందు నుంచి పోయేటప్పుడు ఎట్లా నడుం వంచి పోతామో, అట్లా వంగి, మూసిన తలుపు ముందు నుంచి నడిచిపోయింది.  ప్రార్థన అయ్యాక కళ్ళు తెరిచి మీ అల్లుడు, ‘తలుపెందుకు వేశావు?’ అన్నారు. ‘జల్లు కొడుతోంది’ అన్నాను. బయట ఎండ కాస్తోంది. తోరికా తిని, ‘ఈసారి వంట బాగుంది వదినా’ అంది. ఆ మెప్పు కోసం నేను చేసిన పని అది.

మర్నాటి నుంచి పెద్దమ్మ రావడం మానేసింది. భోజనం వేళకు మన గుమ్మం ముందు నుంచి కాక, వెనకవైపు ఏటి గట్టు మీదుగా పోయేది. ఆ బురదలో, ఆ మోకాళ్ళతో. మీ అల్లుడు అడిగితే, ‘కాళ్ళ నొప్పులట, ఇంట్లోనే వండుకుంటోందట’ అన్నాను. పిల్లలు అడిగినా అదే చెప్పాను. నేను వెళ్ళి అడగలేదు. ‘రేపు వస్తుందిలే, తనే మాట కలుపుతుందిలే’ అనుకుంటూ రోజులు లెక్కపెట్టాను. జులై 30న నీకు ఉత్తరం రాశాను. అందులో, ‘వాసితి పెద్దమ్మ బాగుంది, రోజూ మనింట్లోనే తింటోంది’ అని రాశాను. అప్పటికి ఆమె రాక పధ్నాలుగు రోజులైంది.

ఆగస్టు 4 ఆదివారం చర్చి అయ్యాక పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని లేవలేకపోయింది. పాస్టరు భార్యా నేనూ చెరో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాం. ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడే ఎంత చిక్కిపోయిందో నాకు తెలిసింది. మణికట్టు నా రెండు వేళ్ళలో ఇమిడిపోయింది. ఆమెని పడుకోబెట్టి, నీళ్ళు కాచుదామని నేను వంటపాకలోకి వెళ్ళాను. కుండ మూత తీశాను. పచ్చి బొప్పాయి ముక్కలు, ఉప్పు, నీళ్ళు. పక్కన కర్ర పెండలం ఒక్క దుంప, సగం కోసి ఆకులో చుట్టి ఉంది. రేపటికన్నమాట. కొబ్బరి చిప్ప కూడా లేదు. పందొమ్మిది రోజులు ఆ ఇంట్లో జరిగింది అదీ.

సాయంత్రం కంచంలో వేడిగా అన్నీ పెట్టి తీసుకెళ్ళాను. ‘నా కడుపు నిండే ఉందమ్మా’ అంది. అమ్మా, ఇరవై రెండేళ్ళలో ఆమె నోట ఆ మాట మన ఇంట్లో ఎవరైనా విన్నారా? దారిన పోయేవాళ్ళు అనే మాట. కంచం గుమ్మంలో పెట్టి వచ్చాను. పొద్దున చూస్తే కంచం కడిగి మన మెట్టు మీద ఉంది. ఖాళీగా పంపకూడదని అందులో ఒక పచ్చి బొప్పాయి పెట్టింది. అన్నం మాత్రం పక్కింటి పిల్లలకి పెట్టేసిందట. సోమవారం మళ్ళీ పంపాను, మళ్ళీ బొప్పాయి వచ్చింది. మంగళవారమూ అంతే. మూడు బొప్పాయిలు వరసగా పెట్టి, వాటి ముందు కూర్చుని ఏడ్చాను. అప్పుడు మీ అల్లుడికి జరిగింది మొత్తం చెప్పాను.

 ఆయన, ‘పెద్దల ముందు పెట్టే యంగోనా దుంప కట్ట తీసుకుని నేను వెళ్తాను, పద్ధతి ప్రకారం క్షమాపణ అడుగుతాను’ అన్నారు. బుధవారం పొద్దున వెళ్ళారు కూడా. పది నిమిషాల్లో కట్టతో తిరిగొచ్చారు.

‘ఏమంది?’ అన్నాను.

‘“యంగోనా మగాళ్ళ తగాదాలకిరా నాయనా, ఇది తిండి దగ్గర జరిగింది, నువ్వు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నావు, నీకేం సంబంధం?” అంది. “బస్సుకి ఆలస్యమవుతుంది పో” అని కూడా అంది.’

ఆ మధ్యాహ్నమే నీ ఉత్తరం వచ్చింది, నాలుగు ప్రశ్నలతో. ఆ రాత్రి ఆలోచించాను. నేను పిలిస్తే రాదు. పంపితే తినదు. అయితే ఆమె నన్ను పిలిస్తే? గురువారం పొద్దున నుంచి ఏమీ తినలేదు. మధ్యాహ్నం, పెద్దమ్మ తినడానికి కూర్చునే వేళ చూసుకుని, వాళ్ళ గుమ్మం ముందు నుంచి మెల్లగా నడిచాను. తలుపు తీసి ఉంది. లోపల చాప మీద ఆమె ఒక్కతే, ముందు కంచం. నన్ను చూసింది. అటు తిరిగింది. ఎంతసేపో తెలియదు, నా కాళ్ళు మాత్రం అడుగు ముందుకు పడలేదు. చివరికి, తలెత్తకుండానే, ‘ఎవరూ, కెలెరానా? రా, తినిపో’ అంది. దారిన పోయే ఎవరికైనా అనే మాటే, అదే గొంతుతో.

‘వస్తున్నా పెద్దమ్మా’ అని లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

ఆమె ముఖం నువ్వు చూడవలసింది. చేతిలో ఉన్న ముక్క చేతిలోనే ఉండిపోయింది. నేను, ‘కడుపు నిండే ఉంది’ అని వెళ్ళిపోతానని ఆమె అనుకుంది. కంచంలో బొప్పాయి ముక్కలు, అర దుంప, రెండు పచ్చిమిరపకాయలు. కాసేపు ఆ కంచంకేసే చూసి, దుంప విరిచి, పెద్ద సగం నా వైపు తోసింది. ఇద్దరం తిన్నాం. బొప్పాయికి ఉప్పు సరిపోలేదు. నేను ఆ మాట అనలేదు. ఆమే అంది.

‘ఉప్పు నిండుకుందే. మీ ఇంట్లో వంటని తిట్టిన నోరు కదా, ఇదే దానికి శిక్ష.’

‘నేను తలుపు మూశాను పెద్దమ్మా’ అన్నాను. 

‘మూశావు. నేను చూశాను కదా, మళ్ళీ చెప్తావేంటి?’ అంది. వేళ్ళు నాకి, కుండలో నీళ్ళు తీసుకుని చెయ్యి కడుక్కుంది. తర్వాత నెమ్మదిగా, ‘ఇందాక నీ అడుగుల చప్పుడు విని నా చెయ్యి కూడా తలుపు మీదికే పోయింది. ఈ కంచం చూపించి మనిషిని ఏం పిలవను అని. లేచేలోపు మోకాళ్ళు పట్టేశాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నువ్వు బయట, నేను లోపల’ అంది. అని నవ్వింది. ‘నీకు మంచి మోకాళ్ళుండటం నీ తప్పు కాదులే.’

నేను కూడా నవ్వబోయాను. కానీ ఆమె చెయ్యెత్తి ఆపింది.

‘తలుపు సంగతి అయిపోయింది. రెండో సంగతి ఉంది. నిన్న పాస్టరు భార్య వచ్చి నాకు మీ అమ్మ రాసిన చీటీ చదివింది. “నువ్వు రోజూ మా ఇంట్లోనే తింటున్నావని కెలెరా రాసింది, నా మనసు నిమ్మళంగా ఉంది” అని ఉంది అందులో. పాస్టరు భార్య ముందు ఏమనను? “అవును, తింటున్నా” అన్నాను. డెబ్బై ఏళ్ళొచ్చాక చర్చి మనిషి ముందు నా చేత అబద్ధం ఆడించావే.’

‘క్షమించు పెద్దమ్మా’ అన్నాను.

‘నాకు క్షమాపణ వద్దు. మీ అమ్మకి నిజం రాయి. అది అక్కడ పరాయి దీవిలో కూర్చుని, నేను ఇక్కడ కడుపు నిండా తింటున్నానని నమ్ముకుని నిద్రపోతోంది. ఆ నమ్మకం అబద్ధమై ఉండగా మీ ఇంట్లో ముద్ద నా గొంతు ఎట్లా దిగుతుంది? నువ్వు రాసిన రోజు వచ్చి తింటాను. అంతవరకు నాకు బొప్పాయి చెట్టు ఉంది.’

‘రాస్తే అమ్మ బాధపడుతుంది పెద్దమ్మా. పడవెక్కి వచ్చేస్తుంది.’

‘రాదు. మనవణ్ణి వదిలి రాదు. నిన్ను తిడుతుంది, నాలుగు రోజులు ఏడుస్తుంది. దానికి ఆ హక్కు ఉంది కదా. ఆ హక్కు నువ్వెందుకు లాక్కుంటావు?’

ఇదమ్మా నాలుగో ప్రశ్నకు జవాబు. వాసితి పెద్దమ్మ వేళకి తినలేదు. మోకాళ్ళు బాగాలేవు. చేప తలకాయ ఆమెకి పెట్టలేదు. నువ్వు కూర్చోబెట్టమన్న మనిషి ముఖం మీద నేను తలుపు మూశాను, మూసి నీకు అబద్ధం రాశాను. నువ్వు తిట్టు. పెద్ద ఉత్తరంగా తిట్టు. ‘నిన్ను నమ్మి వెళ్ళాను’ అని మాత్రం రాయకు, అది నాకు తెలుసు.

ఇక్కడిదాకా రాసి ఆపాను. పెండలం ఉడికింది, దించాను. చేమాకు కొబ్బరిపాలలో వేసి, నువ్వు పంపిన ఎండు చేపల్లో రెండు తలకాయలతో సహా వేశాను. పిల్లల్ని పంపి పెద్దమ్మకి, ‘ఉత్తరం అయింది’ అని మాత్రం చెప్పించాను. తినడానికి రమ్మని చెప్పించలేదు.

వచ్చింది. కర్ర పట్టుకుని ముందు దారినే వచ్చింది. లోపలికొచ్చి, గుమ్మం దగ్గర చాప అంచున, దారిన పోయి లోపలికొచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. ‘చదువు’ అంది. మొదటి నుంచి ఇక్కడిదాకా చదివాను. కప్పు సంగతికి, ‘మీ ఆయన వైసాకె ఎక్కాడా, అబ్బో’ అని నవ్వింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె తొందరపెట్టలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక రెండు దిద్దుబాట్లు చెప్పింది. ‘చర్చి మెట్ల మీద లేవలేకపోయిందని రాశావు. కాస్త కూర్చున్నాను, అంతే. అట్లా రాయి.’ ‘నాకు డెబ్బై కాదు, అరవై తొమ్మిది.’ ‘నువ్వే అన్నావు పెద్దమ్మా’ అంటే, ‘కోపంలో అన్నాను, కోపంలో అన్నవి కాగితం మీద పెడతారా?’ అంది. రెండూ ఆమె చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను. మొదట రాసింది కొట్టివేయలేదు.

తర్వాత రెండు అరచేతులూ గుల్లగా చేసి, మూడుసార్లు మెల్లగా తట్టింది. ఇచ్చింది తీసుకున్నానని చెప్పే మన పద్ధతి అది. లేచి చాప అంచు నుంచి జరిగి నీ చోటు పక్కన కూర్చుంది. నేను పిలవలేదు, కంచం వేశాను. ఎండు చేప తలకాయ పగలగొడుతూ, ‘మీ అమ్మకి ఇంకోటి రాయి, చేప బాగా ఎండలేదని’ అంటోంది. నేను రాయనంటున్నాను. ఆమె తింటుంటే పక్కన కూర్చుని ఈ చివరి వరసలు రాస్తున్నాను. ఇప్పుడు రెండోసారి వడ్డించుకుంది.

రేపు పొద్దున బస్సులో మీ అల్లుడు దీన్ని సువా రేవుకు తీసుకెళ్ళి పడవ సరంగు చేతికి ఇస్తారు. ఉనైసికి, పసివాడికి మా ముద్దులు. నీ జవాబు ఎలా ఉన్నా సరే, ముందు పెద్దమ్మకి వినిపించి తర్వాత నేను చదువుకుంటాను.

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
కెలెరా

వాసితి పెద్దమ్మకు బాకీ: అమ్మకు నిజం రాయడం. ఆగస్టు 12, మధ్యాహ్నం రాశాను, ఆమె విన్నది, తిన్నది. తీరింది.